సర్వస్వంలో చోటు దొరకని ఉద్యోగం

ముందే ఒప్పేసుకుంటున్నాను, నేను పెంచి చెబుతాను. గ్లాసుడు మజ్జిగ తాగితే కుండ ఖాళీ చేశానంటాను. కాబట్టి ఇందులోని ప్రతి అంకెనూ సగానికి కోసి చదువుకోండి. నలభై మూడును మాత్రం ముట్టుకోవద్దు, అది మా వృత్తి లెక్క.

2022 మార్చిలో, రంజాన్ ఇంకా రెండు వారాలుందనగా, దుబాయ్‌లో ఇళ్లకు భోజనాలు పంపే ఒక యాప్ కంపెనీలో నన్ను సైట్ రిలయబిలిటీ విభాగానికి అధిపతిని చేశారు. అధిపతినంటే నా కింద ఇద్దరు: అమలాపురం సుజాత, జగిత్యాల యాదగిరి. యాప్ పడిపోకుండా చూడడం మా పని. వంతులవారీగా ఒకరు ఫోను పట్టుకుని కాపలా ఉంటారు, దాన్ని ఆన్‌కాల్ అంటారు. పడితే లేపాలి. లేపాక ఎందుకు పడిందో రిపోర్టు రాయాలి. అందులో తప్పు ఫలానావారిదని పేరు రాయకూడదు, పద్ధతిలో లోపమేమిటో మాత్రమే రాయాలి. నెలకు నలభై మూడు నిమిషాలు యాప్ పడిపోయినా ఫరవాలేదని కంపెనీయే ముందుగా ఒప్పుకుంటుంది. ఆ కోటా పేరు ఎర్రర్ బడ్జెట్. మేము అందులో ఒక్క నిమిషం కూడా వాడలేదు. మా కొంప ముంచింది అదే.

ఏప్రిల్ మొదట్లో కొత్త ముదీర్, అంటే మేనేజరు, వచ్చారు. ఎత్తు ఏడడుగులు, మీసం ఎనిమిది. ఆయనకో నియమం ఉంది. ఏ ఉద్యోగం పేరు విన్నా తాను నమ్మే ఆన్‌లైన్ విజ్ఞాన సర్వస్వంలో వెతికేవారు. వ్యాసం ఉంటే ఉద్యోగం ఉంటుంది, లేకపోతే ఖలాస్. మొదటి వారంలోనే మా కంపెనీ సంతోషాధికారి ఏడుస్తూ వెళ్లిపోయాడు. తరవాత మా వంతు వచ్చింది. వెతికారు, మా వృత్తి లేదు. ఈద్ లోపు ఈ వృత్తి ఉందని రుజువు చేయండి, లేకపోతే మీ ముగ్గురిలో జూనియర్ వెళ్లాలి అన్నారు.

జూనియర్ సుజాత. భర్త దూరాన రువైస్‌లో, కుటుంబాన్ని రానివ్వని కంపెనీ బ్యాచిలర్ గదిలో ఉంటాడు. పదో తరగతి చదివే కూతురు ఇక్కడ తల్లి వీసా మీద ఉంది. తల్లి ఉద్యోగం పోతే వీసా పోతుంది, వీసా పోతే పరీక్షల ముందు పిల్ల పెట్టె సర్దుకోవాలి.

ఆ సర్వస్వంలో ఎవరైనా వ్యాసం రాయొచ్చు. నేనే రాశాను. రెండు రోజులు, నలభై బిందెల సులేమానీ టీ. మూడోరోజు పొద్దున్నే ఒక సంపాదకుడు దాని నెత్తిన నోటీసు అంటించాడు: ‘ఈ అంశానికి సర్వస్వంలో చోటు పొందేంత ప్రాముఖ్యం ఉందా? వారంలోగా చర్చించండి.’ ఆయన అభ్యంతరం సూటిగా ఉంది. మీరు చూపిన ఆధారాలన్నీ ఆ వృత్తివాళ్లు రాసుకున్నవే, బయటివాళ్లు ఒక్కరైనా రాశారా? ఏ పత్రికైనా రాసిందా? నేను దుబాయ్‌లోని సత్వా పేట నుంచి రాస్ అల్ ఖైమా దాకా పరిచేంత జవాబు రాశాను. తరవాత ముగ్గురం వేర్వేరు పేర్లతో ‘ఉంచాలి’ అని అభిప్రాయం రాశాం. వెయ్యి సర్వర్లను కాపాడే మహానుభావులం, మూడూ ఆఫీసు ఇంటర్నెట్టు నుంచే పంపాం. ఒకే చిరునామా చూసి, ఇదంతా ఒకడే మూడు పేర్లతో ఆడుతున్న నాటకమని సంపాదకుడు మాకు తలుపు వేసేశాడు.

“అన్నా, మనం ముగ్గురం గలిసి ఒక్కడే అని తేల్చిండ్రు,” అన్నాడు యాదగిరి. “ఇగ ముదీర్‌కు తెలిస్తే ఒక్కనికే జీతమిస్తడు.”

గొంతు తగ్గించి ఇంకో మాట అన్నాడు. “నలభై మూడు నిమిషాలు పడిపోయే హక్కు మనకున్నది. మురుగుతున్నయి. ఇఫ్తార్ యాళ్లకు నాలుగంటే నాలుగు నిమిషాలు పడనిద్దాం. తెల్లారి పేపర్ల వస్తది, సర్వస్వంల నిలవడ్తది, సుజాతక్క కొలువు నిలవడ్తది.”

సుజాత తల్లి రాస్ అల్ ఖైమాలో ఐసీయూ నర్సు. సుజాత టీ కప్పు కింద పెట్టింది.

“మా అమ్మ పాతికేళ్లుగా జనాన్ని బతికిస్తందండి. పేషెంటు చావలేదని ఏ పేపరోడూ ఆవిడ పేరెయ్యలేదు. అలాగని ఓ పేషెంటుని పోనిచ్చేసి పేరు తెచ్చుకుంటామాండి?”



చర్చకు ఆఖరి రోజు సాయంత్రం. ఇఫ్తార్‌కు ముందు దేశం దేశమంతా ఒకేసారి ఆర్డరు బటన్ నొక్కుతుంది. ఆవేళ ఆర్డర్లు దాచే డేటాబేస్ ఊపిరాడక ఆయాసపడింది. అలారం మోగింది. ఆన్‌కాల్‌లో సుజాత ఉంది. పడగొట్టనక్కరలేదు, చేతులు కట్టుకుని కూర్చుంటే చాలు, మా వ్యాసం బతికేది. ఆమె మా వైపు చూడను కూడా చూడలేదు. యాప్‌లో బొమ్మలు ఆపేసింది, ప్రకటనలు ఆపేసింది, హోటళ్లకిచ్చే రేటింగు చుక్కలు ఆపేసింది. ఆర్డరు తీసుకోవడం ఒక్కటే నడవనిచ్చింది. బరువు తగ్గించడమంటే మా వృత్తిలో ఇదే. ఆరు నిమిషాల్లో ఊపిరి తిరిగింది. ఏడు కోట్ల బిర్యానీలు వేళకు చేరాయి. ఏ పత్రికా రాయలేదు. మర్నాడు మా వ్యాసాన్ని తొలగించారు.

ఆ సాయంత్రం ముదీర్ ఉపవాసంతో, తాను ఆర్డరిచ్చిన షోర్బా సూపు కోసం చూస్తూ మా వెనకే నిలబడి ఉన్నారు. షోర్బా వేళకు వచ్చింది. ఏం జరిగిందని అడిగారు.

“ఏం జరగలేదు సార్,” అంది సుజాత.

ఏమీ జరగకపోవడానికి ఇంత చెమట పడుతుందా అన్నారాయన. అయినా అందరి ముందూ పెట్టిన నియమం ఆయన తప్పలేరు. కానీ ఈ దేశంలో వీసా మీద ఒకటి, చేసేది ఒకటి అన్నది కొత్త సంగతి కాదు. ప్లంబర్ వీసా మీద లెక్కలు రాసేవాళ్లను నేనే నలుగురిని ఎరుగుదును. ఆయన సర్వస్వం తిరగేసి సుజాత హోదాను ‘లిఫ్ట్ ఆపరేటర్’ అని మార్పించారు. దానికి వ్యాసం ఉంది, రెండు ఫొటోలతో సహా. జీతం అదే, పని అదే. పిల్ల పరీక్షలు రాసింది. లిఫ్టు ఇరుక్కున్నప్పుడల్లా వాచ్‌మన్ సుజాతకు ఫోన్ చేసేవాడు. ఆమె మెకానిక్‌ను పిలిపించి బాగు చేయించి, ఎవరినీ తప్పుపట్టకుండా రిపోర్టు రాసేది.

నేను నేర్చుకున్నది ఇంతే: పడకుండా చూసే పనికి బయటి సాక్ష్యం పుట్టాలంటే అది పడాలి. సర్వస్వం నియమం ప్రకారం ఆ సంపాదకుడు చేసింది సరైనదే. మా నియమం ప్రకారం సుజాత చేసిందీ సరైనదే. రెండూ కలవవు.

ఇక ఇందులో నేను కల్పించిన ముక్క ఒకటుంది. లిఫ్ట్ ఆపరేటర్ అనుకుంటున్నారేమో. అది నిజం, ఆమె గుర్తింపు కార్డు నా కళ్లతో చూశాను. నాలుగు నిమిషాలు పడనిద్దామన్నది యాదగిరి కాదు, నేను. నాది తణుకు. ఆ మాటలను జగిత్యాల యాసలోకి మార్చడానికి రెండు రోజులు పట్టింది. సుజాత ఆ జవాబు చెప్పింది నా మొహమ్మీదే.