ఫ్రెంచి వాళ్ళ 'ఇప్పుడు'

ఆ రోజుల్లో నేను "ఇప్పుడు కాదు" అన్నానంటే దానికి గడువంటూ ఉండేది కాదు. నలభై దాటాక, బెంగళూరు కాడుగోడి నుంచి పోయి వైట్‌ఫీల్డ్‌లో ఒక నెల్లూరు వాళ్ళింటికి వంటకు కొత్తగా కుదిరాను. వాళ్ళ అపార్ట్‌మెంటులోనే రిటైరైన టీచరమ్మ ఒకావిడ పనివాళ్ళకు సాయంత్రాలు తెలుగు అక్షరాలు నేర్పేది. చేరాలని నాకు ప్రాణం కొట్టుకునేది. ఎవరైనా అడిగితే మాత్రం "ఇప్పుడేడ, రసం పొయ్యి మీద ఉండాది" అనేదాన్ని (రసం కాకపోతే పప్పు). కొత్తవాళ్ళను చేర్చుకునే చివరి రోజున కూడా అదే అన్నాను.

ఆ ఇంటి పాప బడిలో ఫ్రెంచి చదివేది. పాఠం వల్లె వేస్తున్నదల్లా నా మాట విని తలెత్తి, "ఆంటీ, ఫ్రెంచిలో 'ఇప్పుడు'ని మ్యాంతెనాఁ అంటారు. మ్యాఁ అంటే చెయ్యి, తెనాఁ అంటే పట్టుకుని. మొదట్లో 'చేత్తో పట్టుకుని ఉండగా' అనేవాళ్ళంట. పోనుపోను అదే 'ఇప్పుడు' అయిపోయిందంట. మా మిస్ చెప్పింది" అంది.

"మా ఇండ్లల్లో చెయ్యి పట్టుకునేది పెండ్లినాడు ఒగసారే పాపా. ఆ మీదట పట్టుకునేది గరిటెనే."

"అయితే గరిటె అక్కడ పెట్టండి" అని పొయ్యి ఆపేసి, చింతపండు పిసికిన చేతినే పట్టుకుని కిందికి లాక్కుపోయింది.

టీచరమ్మ 'అ' రాసి చూపించి నాకు పలకా బలపమూ ఇచ్చింది. నాకు తెలిసిన గీతలన్నీ వాకిట్లోవే కదా. బలపాన్ని ముగ్గుపిండిలా చిటికెలో పట్టి, ముందు వరసగా చుక్కలు పెట్టుకున్నాను. అవి కలుపుకుంటూ పోతే అక్షరం చుట్టూ తామరపువ్వు లేచింది. పక్కనున్న ఆయా తొంగి చూసి, "రంగులెప్పుడు అద్దేదక్కా?" అంది. అందరూ నవ్వారు. నేను లేచి గుమ్మం దాకా పోయి ఒక చెప్పు తొడుక్కున్నాను. "రసం మాడిపోతాది" అన్నాను. (పొయ్యి ఆపింది తానేనని పాప ఎవరికీ చెప్పలేదు.)

టీచరమ్మ కూడా నవ్వుతూనే, "రామ్మా. ఆ చుక్కల్లో నాలుగు చాలు, మిగతావి పండక్కి దాచుకో" అని నన్ను కూర్చోబెట్టి, నా చేతిని తన చేతిలోకి తీసుకుని ఆ చుక్కల మీదుగానే నడిపింది. కాస్త లావుగా, కాస్త వంకరగా 'అ' వచ్చింది.

ఒంటి చెప్పుతో, పోవాలో ఉండాలో తేలక గుమ్మంలో నిలబడిన ఆ ఆడమనిషి ఇప్పటికీ నా కళ్ళ ముందు మెదులుతుంది. నవ్వొస్తుంది, కాస్త జాలీ వేస్తుంది. ఆవిడ వెనక్కి వచ్చి కూర్చుంది కాబట్టి సరిపోయింది, లేకపోతే ఈ నాలుగు మాటలూ మీకోసం ఇంకెవరో రాసిపెట్టాల్సి వచ్చేది.