ఆ రోజు పోసిన నీళ్లు

మందమర్రిలో అంగన్‌వాడీ టీచర్లందరినీ ఒక రోజు ప్రథమ చికిత్స శిక్షణకు పిలిచారు. ఇష్టం లేకుండానే వెళ్లాను. మా ఆయన పోయి మూడేళ్లు. ఇప్పుడు నేర్చుకుని ఎవరిని బతికించాలి? చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదేనని గొణుక్కుంటూ వెనక వరసలో కూర్చున్నాను.

బల్ల మీద మూడు బొమ్మలను పడుకోబెట్టారు. పెద్దమనిషి, పిల్లవాడు, చంటిపాప. నేర్పే నర్సుది చిన్న వయసే, నోరు మాత్రం గట్టిది. "పెద్దోళ్లకు రెండు చేతులు, పిల్లలకు ఒక్క చెయ్యి, చంటిదానికి రెండు వేళ్లు" అంటూ, గుండె ఆగినప్పుడు ఛాతీ నడిమధ్య ఎలా ఒత్తాలో చూపించింది. నా వంతు వచ్చింది. "టీచరమ్మా, పిండి పిసుకుతున్నరా? గట్టిగ ఒత్తుండ్రి" అంది. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. నలుగురిలో అలా నవ్వి చాలా రోజులైంది.

"ఇంకో ముచ్చట" అంది ఆమె. "తెలివి తప్పిన మనిషి నోట్ల నీళ్లు పొయ్యొద్దు. మనోళ్లు ముందుగాల చేసేది గదే. గా నీళ్లు ఊపిరితిత్తులల్లకు పోతయి."

ఆ తర్వాత ఏం చెప్పిందో నాకు వినపడలేదు.

మా ఆయన బొగ్గు బాయిలో పనిచేసేవాడు. ఆ రోజు పొద్దటి షిఫ్టు దిగి వచ్చి, అన్నం తిని, చెయ్యి కడుక్కుంటూ కూలిపోయాడు. బాయిలో ఆయనకు ఇవన్నీ నేర్పారు. అవతలివాడు పడితే ఏం చేయాలో ఆయనకు తెలుసు. ఆయన పడ్డప్పుడు పక్కన ఉన్నది నేను. గోడకు ఆనించి కూర్చోబెట్టాను. పక్కింటి అవ్వ చెంబుతో నీళ్లు తెస్తే నోట్లో పోశాను. అంబులెన్స్ వచ్చేసరికి అంతా అయిపోయింది.

పలకరించడానికి వచ్చిన ప్రతివాళ్లదీ ఒకటే మాట. "అదృష్టవంతుడు, పెండ్లం చేతి నీళ్లు తాగి పోయిండు." మాకు పిల్లలు లేరు. మూడేళ్లుగా ఆ ఇంట్లో నాకు తోడున్నది ఆ మాటే.

శిక్షణ అయ్యాక నర్సును బయట పట్టుకున్నాను. "మేడం, మా ఆయన పడిపోతే నీళ్లు పోసిన. గా నీళ్లతోనే పాణం పోయిందా?"

ఆమె నా ముఖం చూసి గొంతు తగ్గించింది. "గుండె అప్పటికే ఆగి ఉంటదమ్మా. నీళ్లతోనే పోయిండని చెప్పలేం. గని గప్పుడే ఛాతీ ఒత్తితే జర ఆశ ఉంటుండె."

ఒక్క అబద్ధం చెబితే ఆమె సొమ్మేం పోయేదని కోపమొచ్చింది. ఇంటికి నడిచి వచ్చి, తాళం తీసి, చెప్పులతోనే గదిలో కూర్చున్నాను. ఇలాంటివి చెప్పుకోవడానికి నాకున్నది ఆయనొక్కడే.

తర్వాతి వారం తల్లుల మీటింగులో, నేర్చుకున్నది నేర్పాలి కదా, దిండు పెట్టి ఒత్తి చూపించాను. నీళ్లు పోయకూడదనీ చెప్పాను. మనవరాలిని ఎత్తుకుని వచ్చిన పక్కింటి అవ్వ ఊరుకోలేదు.

"గదేంది బిడ్డా, నీ పెనిమిటికి నువ్వు పోస్తివి గద! నీ చేతి నీళ్లు తాగే పోయిండు గద!"

పాపం, ఓదార్పుగానే అంది. తల్లులందరూ నా వైపు చూస్తున్నారు. అవునని తలాడిస్తే చాలు, ఆ మాట నాకు మిగిలిపోతుంది.

"పోసిన అవ్వా" అన్నాను. "తాగలే. అన్నీ బయటికే కారినయి. మీరు పొయ్యకుండ్రి."