పంపరపనస ఆకుల నీళ్ళలో బిళ్ళ

సౌలాన్ రోజూ పొద్దున్నే మా సందు మొదట్లో ఉన్న, సముద్రాన్ని కాచే అ-మా తల్లి గూటి ముందు అగరొత్తి వెలిగించేది. తర్వాత రెండు చేతులూ ఒకసారి చరిచి, అరచేతులు తిప్పి చూపేది. క్యాసినోలో తనలా పేక పంచేవాళ్ళు బల్ల దగ్గర్నుంచి లేచేటప్పుడు, డబ్బుకు బదులు పందెం కాసే బిళ్ళేదీ వేళ్ళ సందున దాచలేదని పైనున్న కెమెరాకు అలాగే చూపాలి.

పక్కనే గంజి అమ్ముకునే నేను, "తల్లి దగ్గర కూడా సోదా ఏమిటే?" అని నవ్వేదాన్ని.

"ఆవిడ కెమెరా కంటే గట్టిది అక్కా!" అనేది. వెళుతూ వెళుతూ, మోకాళ్ళు పట్టేసి మేడ దిగలేని మూయ్ అవ్వకు నా కొట్లోంచి గంజి గిన్నె తనే మోసుకెళ్ళి ఇచ్చేది.

అవ్వ భర్త పడవ నడిపేవాడు. ఆయన పోయాక పొగాకు డబ్బాలో పెద్ద విలువగల క్యాసినో బిళ్ళ ఒకటి దొరికింది. ఎప్పుడో పడవెక్కిన జూదగాడెవడో సంతోషంకొద్దీ ఇచ్చినది. అది డబ్బుగా మారిస్తే, కొలోవాన్ గుడిలో సముద్రం కనిపించే వైపు ఆయన అస్థికలకు ఒక గూడు వస్తుంది. ఆ గూడు ఎవరికీ ఇవ్వకుండా నెలాఖరు వరకే ఆపుతామన్నారు గుడివాళ్ళు.

సౌలాన్ పనిచేసేది ఆ బిళ్ళ తాలూకు క్యాసినోలోనే. కానీ డ్యూటీ లేనప్పుడు ఆమె అందులో అడుగుపెట్టకూడదని చట్టం. డ్యూటీలో ఒంటిమీద బిళ్ళ దొరికిందా, ఉద్యోగం పోయినట్టే. అందుకని నన్ను వెళ్ళమంది.

"చచ్చినవాడి డబ్బాలోది. పాపం, మోసుకెళ్ళే దీనికి అరిష్టం తగలదూ?" అని అవ్వ నన్ను చూసి బెంగపడింది.

"పంపరపనస ఆకుల నీళ్ళతో కడిగివ్వు అవ్వా, పోతుంది," అంది సౌలాన్. చావింటి నుంచి వచ్చాక మేమంతా చేసేదే అది.

మర్నాడు అవ్వ బిళ్ళను ఎర్ర కాగితంలో చుట్టి నా చేతికిచ్చింది. "ఉత్తినే కడిగితే పీడ వదులుతుందా? ఆకులతో పాటు కుండలో వేసి, బియ్యం ఉడికినంతసేపు మరగబెట్టాను!" అంది గొప్పగా. మంచి పని చేశావన్నాను.

క్యాసినో కౌంటర్లో అమ్మాయి బిళ్ళను యంత్రం మీద పెట్టింది. తీసి తుడిచి, మళ్ళీ పెట్టింది. "లోపలి ఎలక్ట్రానిక్ గుర్తు పలకడం లేదు ఆంటీ." కౌంటర్ చూసుకునే పెద్దాయన వచ్చాడు. మర్యాదస్తుడు, నన్ను కూర్చోబెట్టి తాగడానికి వేడినీళ్ళు తెప్పించాడు. "మీరు అబద్ధం చెబుతున్నారని అనను. కానీ యంత్రం ఒప్పుకోనిదే నేనివ్వలేనమ్మా."

సాయంత్రం సౌలాన్ నా అరచేతిలో ఉన్న బిళ్ళను ముట్టుకోకుండా వంగి చూసింది. అంచులు ఉబ్బి ఉన్నాయి.

"మరగబెట్టిందటే," అన్నాను.

ఆమె చేతులు వెనక్కి కట్టుకుని ఆ అంచుల్నే మళ్ళీ చూసింది.

"మీవాళ్ళతో ఒక్కమాట చెప్పి చూడరాదూ?" అన్నాను.

"నిన్ను తిప్పి పంపారని విని, భోజనాల వేళకే పెద్దాయన దగ్గరికి వెళ్ళి కాళ్ళావేళ్ళా పడ్డానక్కా. నీకీ బిళ్ళ సంగతి ఎలా తెలుసని ఎదురు నన్నే అడిగారు."

మర్నాడు పొద్దున సౌలాన్ అగరొత్తి వెలిగించింది. చేతులు మాత్రం తిప్పలేదు. నా కొట్టు దగ్గరికి వచ్చి, అవ్వ గిన్నె మీద మూత సర్ది నా వైపు జరిపింది.

"ఇవాళ నువ్వు తీసుకెళ్ళక్కా. కడగమన్నది సౌలానే, నీళ్ళు తగిలే బిళ్ళ పాడైంది, తప్పంతా దానిదేనని చెప్పు. మరగబెట్టినందుకు పోయిందని మాత్రం అవ్వకు తెలియనివ్వకు."