ఇంగ్లీషు పత్రికలో కరియోకా

మరినాల్వా కొట్టూ నా కొట్టూ పక్కపక్కనే. ఆమె ఎండబెట్టిన ఉప్పు మాంసం కాల్చి అమ్ముతుంది, నేను వల ఊయలలు అమ్ముతాను. దేశపు ఈశాన్య మూల నుంచి రియో నగరానికి వలస వచ్చిన మావాళ్ళం పెట్టుకున్న సంత ఇది. ఇరవై ఏళ్ళుగా ఆమెను "అక్కా" అని పిలుస్తున్నాను. నోరు పెద్దది గానీ మనసు వెన్న.

సంతలో కొట్టు ఉండాలంటే ఈశాన్యంలో పుట్టి ఉండాలి. కరువుకు ఊళ్ళొదిలి వచ్చినవాళ్ళకు కాగితాలెక్కడివి? అందుకే ఏటా జూన్‌లో ఒక ఆదివారం అందరిముందూ పుట్టిన ఊరు చెప్పాలి, ఎవరో ఒకరు లేచి "ఈమె పుట్టుక నేనెరుగుదును" అనాలి. మరినాల్వా ఎప్పుడూ పరైబా రాష్ట్రంలో ఏదో పల్లె పేరు చెప్పేది. వాళ్ళమ్మ స్నేహితురాలు జొవెలీనా ముసలమ్మ లేచి నిలబడేది. ఆ ముసలమ్మ మొన్న ఫిబ్రవరిలో పోయింది.

అదే ఏడు ఒక ఇంగ్లీషు పిల్ల వచ్చి, మాంసం తిని, ఫోటో తీసుకుని, తరవాత తన పత్రిక పంపింది. మరినాల్వా మురిసిపోయి ఆ పేజీని కొట్టుకు కట్టింది. మాకెవరికీ ఇంగ్లీషు ముక్క రాదు. అంత పేజీలో నేను చదవగలిగిన మాట ఒక్కటే, కరియోకా. రియోలో పుట్టినవాళ్ళను మేమనే మాట. హోటల్లో పనిచేసే మా అల్లుణ్ణి అడిగితే నవ్వాడు. "ఇంగ్లీషు వాళ్ళకి ఆ మాటంటే మోజు అత్తా. రియోలో ఎవరు కనబడినా అదే రాసేస్తారు, తర్జుమా కూడా చెయ్యరు."

నేను ఊరుకోవచ్చు కదా! "అక్కోయ్, నువ్వు కరియోకావట! ఇంగ్లీషు వాళ్ళు తేల్చేశారు!" అని సంతంతా వినబడేలా అరిచాను. నా నోట్లో మన్ను పడ.

అందరూ నవ్వారు. మరినాల్వా నవ్వలేదు. మాంసం మాడుతున్నా చూడకుండా ఆ పేజీ పీకేసింది. కానీ అప్పటికే జున్ను అమ్మేవాడు చూసి ఆ సంగతి సంత పెద్ద అదెర్బాల్‌కు చేరవేశాడు. సాయంత్రానికి ఆయనే వచ్చాడు.

"ఏమ్మా, అచ్చులో కరియోకా అని పడిందంట?"

"రాసినోళ్ళకి బుద్ధి లేదు పెద్దాయనా. నా మాట తీరు చూడు, నేను కరియోకాలా ఉన్నానా?"

"నాకెందుకమ్మా తీరు! ఈ ఆదివారం ఊరు చెప్పు, సాక్షిని నిలబెట్టు. లేకపోతే కొట్టు వదులుకో."

ఆయన వెళ్ళగానే నా చెయ్యి పట్టుకుని ఊయలల వెనక్కి లాక్కెళ్ళింది.

"డామియానా, వాళ్ళు రాసింది నిజమే. లారీలో పదకొండు రోజులు అమ్మ కడుపులో ఉన్నాను. దిగిన మూడో రోజు ఇక్కడే పుట్టాను. నేను పరైబా మొహం చూసి ఎరగను."

"మరి ఇన్నేళ్ళూ..."

"ఏం చెయ్యను? బస్సెక్కితే నా యాస విని రియో వాళ్ళు 'ఒసే పరైబా' అని వెక్కిరిస్తారు. ఇక్కడేమో కరియోకా అని గెంటేస్తారు. నేనెక్కడికి పోవాలే?"

ఆదివారానికి నాలుగు రోజులే ఉంది. అరిచింది నేను, పోయేది ఆమె కొట్టు. సాక్షి కోసం ఇద్దరు ముగ్గురిని కదిపి చూశాను. పరైబా వాళ్ళు కూడా "పెద్దాయనతో మాకెందుకమ్మా" అని తప్పుకున్నారు.

ఆదివారం రానే వచ్చింది. మరినాల్వా లేచి ఊరి పేరు చెప్పింది.

"ఎవరెరుగుదురు?" అన్నాడు అదెర్బాల్. ఎవరూ కదల్లేదు. ఆమె నా వైపు చూడను కూడా లేదు. అలా చూడకపోవడమే నన్ను చంపేసింది.

నేను లేచాను. "నేనెరుగుదును. మా లారీయే వాళ్ళ ఊళ్ళో ఆగింది. బయల్దేరే ముందు రోజే పుట్టింది. వాళ్ళమ్మ దీన్ని గుడ్డలో చుట్టుకుని నా పక్కనే కూర్చుంది."

"నువ్వా? ఈవిడకి యాభై రెండు. నీకు నలభై తొమ్మిదేనని ఊరంతా చెప్పుకుంటావు కదా. నువ్వెలా చూశావమ్మా?"

సంతంతా నా వైపు తిరిగింది. ఇరవై ఏళ్ళుగా జుట్టుకు రంగు వేసుకుని కాపాడుకున్న రహస్యం అది. "నాకు యాభై ఏడు," అన్నాను. "అప్పుడు ఐదేళ్ళు. చాలా?"

పగలబడి నవ్వారు. జున్ను వాడు ఈల వేశాడు. అదెర్బాల్ కూడా నవ్వు ఆపుకోలేక పుస్తకంలో రాసుకున్నాడు. చెవులు కాలిపోయాయి గానీ కూర్చోలేదు. ఆయన కలం పెట్టేదాకా అలాగే నిలబడ్డాను.

మధ్యాహ్నం గిరాకీ తగ్గాక మరినాల్వా ఒక పళ్ళెం నిండా మాంసం తెచ్చి నా ముందు పెట్టింది.

"ఇన్నేళ్ళూ నన్ను అక్కా అన్నావు కదే ముసలిదానా," అంది చివరికి. తరవాత గొంతు తగ్గించింది. "వచ్చే ఏడు మళ్ళీ అడిగితే? లోతుగా అడిగితే? మీ లారీ అక్కడ ఆగిందన్నావుగా, మా ఊరు ఎలా ఉంటుందో చెప్పవా? నేర్చుకుంటాను."

నేను నోరు తెరిచాను. మాది ఈశాన్యంలోనే ఇంకో రాష్ట్రం, సియారా. అక్కణ్ణుంచి లారీలో వచ్చింది నిజమే గానీ, మా లారీ వాళ్ళ ఊళ్ళో ఆగనే లేదు. ఆ ఊరు నేనూ చూడలేదు.

ఆమె మాత్రం నా మొహంలోకే చూస్తూ కూర్చుంది.