నున్నగా ఉన్న చెయ్యి

ఆమధ్య ఏలూరులో మనవరాలిని రక్తపరీక్షకు తీసుకెళ్ళినప్పుడు, ల్యాబులో అమ్మాయి తీసిన రక్తాన్ని చిన్న చిన్న గొట్టాల్లోకి పంచి ఒక్కొక్కదాన్నీ మెల్లగా ఊపుతుంటే, ఊరుకోలేక ఎందుకని అడిగాను. "గొట్టం లోపల క్షయ క్రిమి తాలూకు ముక్కలు పూసి ఉంటాయండీ మామ్మగారూ, రక్తంలో కణాలు ఆ క్రిమిని ఇదివరకే ఎరిగి ఉంటే గుర్తుపడతాయండీ" అంది. కఫంలోనూ ఎక్స్‌రేలోనూ దొరకని క్షయను పట్టడానికి ఇదొక ఆసరా అట. తలూపి బయటి బల్ల మీద కూర్చున్నాను గానీ, నా మనసు మండవల్లిలో మా చెల్లెలి వాకిట్లోకి వెళ్ళిపోయింది.

కొల్లేట్లో చేపల చెరువుల గట్లు ప్రభుత్వం కొట్టేయించిన రోజులవి. నేను తాడేపల్లిగూడెంలో టీచరుగా ఉండేదాన్ని. చెరువుల మీద మరిదికున్న పని పోయింది, ఆ దిగులుతోనే చెల్లెలు చిక్కిపోతోందని అందరం అనుకున్నాం. సాయంత్రమయ్యేసరికి ఒళ్ళు వెచ్చబడేది, కడుపులో నొప్పి, ఏం తిన్నా ఒంటికి పట్టేది కాదు. కఫం పరీక్షలో ఏమీ లేదన్నారు, ఛాతీ ఎక్స్‌రే శుభ్రంగా ఉందన్నారు. చివరికి ముంజేతి మీద సూది వేసి, చుట్టూ పెన్నుతో గీత గీసి, క్షయ ఉంటే ఇక్కడ గట్టిగా వాపు లేస్తుంది, రెండు మూడు రోజులాగి చూపించమన్నారు. అన్నాళ్ళూ అది ఆ చేతిని పసిబిడ్డను చూసుకున్నట్టు చూసుకుంది, స్నానానికి వెళ్ళినా పైకెత్తి పట్టుకునేది. వాపు రాలేదు, క్షయ కాదులే అనుకున్నాం.

గండం గడిస్తే ఇంటిముందు కృతజ్ఞత ప్రార్థన కూడిక పెట్టుకోవడం మా కుటుంబాల్లో తాతల నాటి వాడుక. చెల్లెలికి కూడికలంటే ప్రాణం, పాటలు ఎత్తుకోవడంలో దాని తర్వాతే ఎవరైనా. షామియానా వేయించి, కొరమీను పులుసు వండించి, సంఘాన్నంతా పిలిచారు. ప్రార్థన అయ్యాక అది సాక్ష్యం చెప్పడానికి లేచి, పైటచెంగు తప్పించి ముంజెయ్యి అందరికీ చూపించింది. "చూడండమ్మా, దేవుడు నా చేతిని ఎంత నున్నగా ఉంచాడో" అంది. పెద్దవాళ్ళు కళ్ళొత్తుకున్నారు, నేనూ సంతోషంతో ఏడ్చాను.

ఆ సాయంత్రమే మళ్ళీ జ్వరం వచ్చిందట. ఆ సంగతి మాకెవరికీ చెప్పలేదు. నలుగురి ముందు సాక్ష్యం చెప్పిన నోటితో జ్వరం తగ్గలేదని ఎలా చెప్పనని మరిది దగ్గర బాధపడిందనీ, అక్కకు చెప్పొద్దని ఒట్టు వేయించుకుందనీ తర్వాత తెలిసింది. నేను ఫోను చేసినప్పుడల్లా బాగానే ఉన్నానక్కా అనేది, గొంతు కూడా బాగానే ఉండేది. కడుపులో నీరు చేరి లేవలేని స్థితిలో ఏలూరు తీసుకొస్తే, పొట్టలో గ్రంథి నుంచి ముక్క తీసి పరీక్ష చేసి, అది క్షయేనని తేల్చారు. మందులు మొదలుపెట్టారు గానీ ఆ ఒళ్ళు తట్టుకోలేకపోయింది. వానాకాలం వెళ్ళకుండానే మా చెల్లెలు వెళ్ళిపోయింది.

చెయ్యి ఎందుకు వాచలేదని నేను డాక్టరుగారిని అడిగాను. జబ్బు లేక కాదమ్మా, అంత నీరసించిన ఒంట్లో జబ్బును ఎదిరించే కణాలకు లేచే సత్తువ లేకపోయింది అన్నారాయన. ఆ సత్తువ లేకపోవడాన్నే మేము స్వస్థత అనుకుని కూడిక పెట్టుకున్నాం. ఆ మాట ఇప్పటికీ నాకు మింగుడుపడదు.

మనవరాలి రక్తం క్రిమిని గుర్తుపట్టింది. ఇదొక్కటే నమ్మి మందులివ్వకూడదని, స్కానింగు తీసి, ముక్క పరీక్ష కూడా చేసి, క్షయ పొట్టలోనే ఉందని తేల్చారు. ఇప్పుడు మందులు వాడుతోంది, అన్నం అడిగి తింటోంది. కూడిక ఎప్పుడు పెడదాం మామ్మా అంటే, మందులన్నీ పూర్తవనీ అన్నాను. అయినా ఇప్పుడు ఇంటింటి కూడికలెక్కడ, కబురంతా ఫోనులోనే, దీవెనలూ అందులోనే. నేను మాత్రం సాయంత్రమయ్యేసరికి దాని పక్కన చేరి నుదుటి మీద చెయ్యి వేసి చూస్తాను. ఆ రోజు మండవల్లిలో దీవించడానికి అందరం చెల్లెలి తల మీద చెయ్యి పెట్టాం, నుదురు ముట్టుకు చూసినవాళ్ళం ఒక్కరమూ లేము.