పుల్ల బదులు నేను కొట్టిన బంతులు

ఆ రోజుల్లో నాకొక గట్టి నమ్మకం ఉండేది. పదిమందిలో ఎవరూ చదవని కాగితాన్ని మనం ఒక్కరమే చదివితే, అందులో ఏముందో చెప్పే అధికారం కూడా మనదేనని. ఇప్పుడు తలచుకుంటే చెవులు వేడెక్కుతాయి గాని, అప్పుడు దాన్ని తెలివి అనుకున్నాను.

పుదుచ్చేరిలో కాలేజీ చదువుతూ సాఫ్ట్‌బాల్ జట్టులో చేరాను. బ్యాటు పట్టుకుంటే బంతి కంచె దాటేది. ఫీల్డింగ్‌కు నిలబెడితే మాత్రం అదే బంతి నా కాళ్ళ సందులోంచి మర్యాదగా వెళ్ళిపోయేది. వంగలేను, పరుగెత్తలేను. (మాది బజారులో పప్పుదినుసుల అంగడి. మా ఇంట్లో తరతరాలుగా ఎవరూ దేని వెంటా పరుగెత్తలేదు, కావలసినవాళ్ళే వచ్చేవాళ్ళు.) ఇవాళో రేపో జట్టులోంచి తీసేస్తారని బెంగగా ఉండగా, జన్మంతా వాలీబాల్ ఆడిన మా పీటీ సారు రూల్సు కాగితాలు నా చేతిలో పెట్టి, "నీది ఇంగ్లీషు మీడియం గదమ్మా, చదివి చెప్పు" అన్నారు. అందులో నా పాలిటి వరం కనిపించింది. బంతి విసిరే అమ్మాయి, అంటే పిచర్ బదులు, కావాలనుకుంటే ఇంకొకరిని బ్యాటింగ్‌కు పెట్టుకోవచ్చు. అలా కొట్టేవాళ్ళు ఫీల్డింగ్ చేయనక్కరలేదు. నాలుగుసార్లు చదివి బాగా అర్థం చేసుకున్నాను. అర్థం చేసుకున్నాకే సారు దగ్గరికి వెళ్ళి, "పిచర్ బ్యాటు పట్టకూడదు సార్, రూల్. బదులుగా ఒకరు కొట్టి తీరాలి" అన్నాను. ఎవరు కొడతారని ఆయన అడిగితే, పెళ్ళిచూపుల్లో పిల్లలా తల దించుకుని నిలబడ్డాను.

మా పిచర్ నాకంటే ఏడాది చిన్నది. అరియాంకుప్పం నుంచి బస్సులో వచ్చేది. సన్నగా ఉండేది కాబట్టి అందరం పుల్ల అనేవాళ్ళం. వాళ్ళ నాన్న మిల్లు కార్మికుడు, ఇంట్లో మాలాగే తెలుగే. బంతి విసరడం ఎంత బాగా వచ్చో కొట్టడమూ అంత బాగా వచ్చు, ఇష్టం కూడాను. "ఒక్కతూరి గూడా కొట్టకూడదా అక్కా?" అని అడిగింది. రూల్ అన్నాను. "సరి అక్కా, నువ్వు చదివినావు గదా" అంది. ఆ ఏడాదంతా పుల్ల ఎండలో విసిరింది, నేను నీడలో కూర్చుని వంతు వచ్చినప్పుడు లేచి కొట్టాను. ఒకరోజు ఆట చూడడానికి వచ్చిన మా అవ్వ నన్ను చూసి, "అందరూ వెయిల్లో చస్తా ఉంటే నువ్వేంది ఈడ కూర్చోని ఉండావు?" అంది. నా పని కొట్టడం మాత్రమేనని గర్వంగా చెప్పాను. "పెండ్లికి పోయి వడ్డించకుండా తినొచ్చేదా, అది నీకు బాగానే వస్తుంది" అంది. చుట్టూ ఉన్నవాళ్ళతో పాటు నేనూ నవ్వాను.

ఫైనల్ రోజు ఆటకు ముందు పుల్ల సరదాకి బ్యాటు తీసుకుని నాలుగు బంతులు కొట్టింది. నాలుగూ కంచె దాటాయి. జట్టు పేర్ల కాగితం తీసుకోవడానికి వచ్చిన అంపైరమ్మ అది చూసి, "ఇంత బాగా కొట్టే పిల్లకు బదులెందుకు సార్?" అంది. "రూల్ గదా మేడమ్" అన్నారు సారు. "ఎవరు చెప్పినారు? అది మీ ఇష్టం" అంది ఆవిడ. జట్టంతా నా వైపు తిరిగింది. తప్పయిందని చెప్పడానికి ఒక్క మాట చాలు. "పేరు మార్చేదా?" అని సారు నన్నే అడిగారు. నేను బూట్ల లేసులు కట్టుకుంటున్నాను. (అవి కట్టే ఉన్నాయి.) పుల్ల నన్ను కాసేపు చూసి, "వద్దులే సార్, నాకు చెయ్యి నొస్తా ఉంది. అక్కనే కొట్టనీ" అంది. నొప్పి చేత్తోనే ఆట చివరిదాకా బంతులు విసిరింది.

మేం ఒక్క పరుగు వెనకబడి ఉండగా చివరి వంతులో బ్యాటు పట్టుకుని నేను వెళ్ళాను. మూడు బంతులు వచ్చాయి, మూడుసార్లూ గాలిని కొట్టి అవుటయ్యాను. ఓడిపోయాం. బస్‌స్టాండ్ దాకా నా పక్కనే నడిచిన పుల్ల బస్సు ఎక్కబోతూ, "నన్ను అడిగింటే నేనే ఇచ్చుందును గదక్కా" అంది. పుల్ల ఆ తర్వాతి ఏడు ఆడలేదు. వాళ్ళ నాన్న పనిచేసే మిల్లు మూతపడడంతో తను పనికి చేరింది. కాలేజీ జట్టులో ఆమె ఒక్కసారైనా బ్యాటింగ్‌కు దిగకపోవడానికి కారణం నేనే.

ఇప్పుడు పుల్ల పుదుచ్చేరిలోనే సారం అనే పేటలో ఆడపిల్లలకు ఆదివారాలు సాఫ్ట్‌బాల్ నేర్పుతోంది. మా అమ్మాయిని చేర్పించడానికి వెళితే గుర్తుపట్టి, రూల్సు కాగితం నా చేతిలో పెట్టి, "పిల్లోళ్ళకు చదివి చెప్పక్కా" అంది. ఆ రూలు దగ్గరికి వచ్చేసరికి నా గొంతు దానంతటదే తగ్గింది. పుల్ల నేల మీద గీత గీస్తూ, తల ఎత్తకుండా, "కొంచెం గట్టిగా అక్కా, ఆ 'కావాలనుకుంటే' అనే ముక్క మళ్ళొకతూరి" అంది. మళ్ళీ చదివాను, ఈసారి వీధి చివరిదాకా వినపడేట్టు. మా అమ్మాయి, "అమ్మా, ఎందుకట్ల అరస్తావు?" అని సిగ్గుపడింది. ఆనాడు నీడలో కూర్చున్న ఆ పద్దెనిమిదేళ్ళ పిల్లకు కూడా వినపడాలని అరిచానని దానికి ఎలా చెప్పను?