గుట్ట చుట్టూ ఉల్టా

ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ ఉండేది కాదు. దేవుడున్నాడా, దయ్యాలున్నాయా, పిల్లి ఎదురొస్తే నష్టం మనకా పిల్లికా, ఇలాంటి ప్రశ్నలన్నింటికీ ఇరవై మూడేళ్ల వయసులో నా దగ్గర జవాబులు సిద్ధంగా ఉండేవి. బస్సు పాసు తీసి చూపించినట్టు జేబులోంచి తీసి చూపించడమే. పటాన్‌చెరు దగ్గర ఒక ఫ్యాక్టరీలో ట్రైనీగా కొత్తగా చేరాను. వారమంతా మెషిన్ ముందు నిలబడేవాణ్ని, ఆదివారం మా హేతువాద చర్చామండలిలో నిలబడేవాణ్ని. (మండలిలో సభ్యులం పదకొండు మందిమి. పదకొండు మందీ వక్తలే. శ్రోత ఒక్కడే, చాయ్ తెచ్చే హోటలాయన. ఆయన కూడా గ్లాసుల కోసం ఆగేవాడని ఇప్పుడు అనుమానం.) ఆదివారం మిగిలిపోయిన ఉపన్యాసం సోమవారం మా ఇంట్లో వినిపించేవాణ్ని. ముంబై రోడ్డు మీద కంది అనే ఊరు దాటాక లోపలికి మా పల్లె. నాన్న పొలానికి, అమ్మ వంటింట్లోకి తప్పించుకునేవాళ్లు. మోకాళ్ల నొప్పుల వల్ల తప్పించుకోలేక మా నాయనమ్మ ఒక్కతే చివరిదాకా వినేది. విని, "అయిపోయిందా బిడ్డా? ఇగ అన్నం తిను" అనేది. అంతకు మించి ఆమె ఎన్నడూ వాదించలేదు కనుక, గెలిచానని నేను అనుకుంటూ వచ్చాను.

నాయనమ్మకు చాయ్ అంటే ప్రాణం. రోజుకు అయిదుసార్లు తాగేది. గ్లాసులోంచి సాసర్‌లోకి వంపుకుని, మూడుసార్లు ఊది, పక్కింటికి వినపడేంత చప్పుడుతో జుర్రేది. అలాంటి మనిషి నేను ట్రైనీగా చేరిన రోజున మా ఊరి గుట్ట వైపు తిరిగి దండం పెట్టి, "వీని నౌకరి పర్మినెంట్ అయితె మల్లన్నా, నీ గుట్ట సుట్టు తిరుగుత. తిరిగిందాంక చాయ్ ముట్ట" అని మొక్కుకుంది. నా ఉద్యోగానికీ, గుట్టకూ, చాయ్‌కూ ఉన్న కార్యకారణ సంబంధమేమిటో చూపించమని అప్పుడే నిలదీశాను. ఆమె నవ్వి, అప్పటికే కలిపి ఉన్న చాయ్ నాకిచ్చింది.

ఏడాది గడిచింది. నేను పర్మినెంట్ అయ్యాను. ఈలోగా ఆమె మోకాళ్లు పూర్తిగా మొరాయించాయి. గుమ్మం దాటడమే గగనం, గుట్ట చుట్టూ ఎనిమిది కిలోమీటర్లు ఎక్కడ నడుస్తుంది? మొక్కినవాళ్లకు చేతకాకపోతే రక్తసంబంధీకులు తిరిగినా చెల్లుతుందని ఊళ్లో ఒక వెసులుబాటు ఉంది. నాన్న తాను తిరుగుతానన్నాడు. "నౌకరి నీదా, వానిదా?" అంది నాయనమ్మ. అందరి చూపులూ నా మీద పడ్డాయి. నేను సిద్ధాంతం మనిషిని. ససేమిరా అన్నాను. రెండు నెలలు అంటూనే ఉన్నాను. ఆ రెండు నెలలూ ఆమె నన్ను ఒక్క మాట అనలేదు. మా అందరికీ చాయ్ మాత్రం తనే పెట్టేది. ఒకరోజు పొద్దున షిఫ్టుకు బయల్దేరుతూ వంటింట్లోకి తొంగి చూశాను. మరుగుతున్న గిన్నె మీదకు వంగి, కళ్లు మూసుకుని, ఆవిరిని లోపలికి పీల్చుకుంటోంది. నేను చూడనట్టు వచ్చేశాను. బస్సులో కూర్చున్నా ఆ వాసన నన్ను వదల్లేదు.

ఈ సంకటం నుంచి నన్ను గట్టెక్కించినవాడు మా ఫ్యాక్టరీ డిస్పాచ్‌లో పనిచేసే నా మిత్రుడు. మండలిలో మేం అతన్ని 'తీర్మానం' అని పిలిచేవాళ్లం. వాన వచ్చేలా ఉంటే గొడుగు తెరవాలని కూడా తీర్మానం ప్రవేశపెట్టేవాడు. క్యాంటీన్‌లో నా గోడు విని ఫోన్ తీసి చూపించాడు. హైదరాబాద్ నుంచి జనం బూట్లు వేసుకుని వచ్చి మా గుట్ట చుట్టూ నడుస్తున్నారట. చెరువులు, పచ్చిక బీళ్లు, కొండదారి అని ఫొటోలు పెడుతున్నారట.

"మొక్కు గిట్ల ఏం లేదు భయ్. మనం పోయేది ట్రెక్కింగ్‌కు. నువ్వు తిరిగినట్టు అయితది, సిద్ధాంతం సిద్ధాంతం లెక్కనే ఉంటది" అన్నాడు.

"చూసినోళ్లు మొక్కు తీర్చుకుంటున్నరు అనుకుంటె?"

"ఉల్టా తిరుగుదాం. అందరు ఎడమకు మళ్లుతరు, మనం కుడికి మళ్లుదాం. ఇగ ఎవడంటడు?"

తీర్మానం ఇద్దరిలో ఇద్దరి ఆమోదంతో నెగ్గింది.

వానాకాలం చివర్లో ఒక ఆదివారం పొద్దున్నే గుట్ట కింద కమాను దగ్గర నిలబడ్డాం. ఎడమ దారి జనం కాళ్ల కింద నున్నగా అరిగిపోయి ఉంది. కుడి దారిలో తంగేడు పొదలు. విప్లవం ఎప్పుడూ పొదల్లోంచే మొదలవుతుందని నేను చిన్న ప్రసంగం చేసి నడక మొదలుపెట్టాను. పెద్దచెరువు కట్ట మీదుగా వెళ్లాం. చెరువు నిండా నీళ్లు, నీళ్లు పొర్లే మత్తడి మీద కొంగలు. కట్ట దిగి గుట్ట భుజం ఎక్కితే అక్కడ పచ్చిక బీడు. మోకాలెత్తు గడ్డి, మధ్యలో అద్దం ముక్క పడేసినట్టు చిన్న కుంట. దూరంగా పటాన్‌చెరు పొగగొట్టాలు, ముంబై రోడ్డు మీద చీమల్లా లారీలు. పుట్టినప్పటినుంచీ ఈ గుట్ట పక్కనే ఉండి ఒక్కసారీ ఈ వైపు రాలేదని అప్పుడు తట్టింది. (గుట్ట మీది రాయిని ఖండించడంలో తీరిక దొరక్క, గుట్టను చూడలేదు.) తీర్మానం ఏమీ ప్రతిపాదించలేదు. అతను నా వెనక నడుస్తూ ఫొటోలు మాత్రం తీశాడు.

బీడులో మేకలు కాసే ఒక పెద్దాయన మమ్మల్ని చూసి కర్ర ఊపుతూ కేకేశాడు.

"ఓ సార్లూ! ఉల్టా పోతుండ్రు!"

ఈ కేక కోసమే ఎదురుచూస్తున్నాను. దగ్గరికెళ్లి, ఆకాశం నుంచి ఉత్తర ధ్రువాన్ని చూస్తే భూమి కూడా మేం తిరుగుతున్న వైపే తిరుగుతుందనీ, కాబట్టి నిజానికి ఉల్టా తిరుగుతున్నది ఊరి జనమేననీ వివరించాను. ఆయన కర్ర మీద గడ్డం ఆనించి అంతా విన్నాడు.

"గట్లనా? భూమి సంగతి నాకు ఎర్క లేదు సారూ. ముంగట జారుడుబండ ఉన్నది, దాని సంగతి ఎర్కే. అది ఎక్కనీకే పనికొస్తది, దిగనీకి కాదు."

"చూస్తం తియ్ తాతా" అన్నాను.

చూశాం. రెండంతస్తుల ఎత్తున ఏటవాలు బండ. వానలకు పాకుడు పట్టి మెరుస్తోంది. పైకెక్కేవాడు చేతులు ఆనించి పాకొచ్చు. దిగేవాడికి పట్టుకోవడానికి గాలి తప్ప ఏమీ లేదు. తీర్మానం అంచున కూలబడి, వెనక్కి మళ్లాలని ప్రతిపాదించాడు.

"వెనక్కి పోతే సీదా తిరిగినట్టు అయితది!" అని అరిచాను. సగం గుట్ట ప్రదక్షిణం మా ఖాతాలో పడటం నాకు ఎంతమాత్రం సమ్మతం కాదు. అందుకని కూర్చుని, కళ్లు మూసుకుని, జారాను. సిద్ధాంతం చెక్కుచెదరలేదు. ప్యాంటు విషయంలో ఆ మాట చెప్పలేను. తువ్వాలు కింద పరుచుకుని నా వెనకే జారొచ్చిన తీర్మానం, దాన్నే దులిపి నా నడుముకు చుట్టాడు. తామరకుంట పక్కనుంచి, తామరల వంక కూడా చూడకుండా, గోడవారగా నడిచే మనిషిలా కమాను దగ్గరికి చేరాను.

ఇంటికొచ్చేసరికి నాయనమ్మ తలస్నానం చేసి ఉతికిన చీర కట్టుకుని అరుగు మీద కూర్చుని ఉంది. పక్కన అమ్మ, అమ్మ చేతిలో పొగలు కక్కే గ్లాసు. పద్నాలుగు నెలలుగా అలమరలో బోర్లించి ఉన్న సాసర్ ఇవాళ తోమి బయటకొచ్చింది.

"తిరిగినవా బిడ్డా?"

"తిరిగిన." (ఇందులో అబద్ధం అక్షరం కూడా లేదని గమనించ ప్రార్థన.)

ఆమె ముఖం విప్పారింది. సాసర్‌లో చాయ్ వంపుకుంది. ఒకసారి ఊదింది. రెండోసారి ఊదింది. మూడోసారి ఊదబోతూ ఆగింది.

"నడుముకు ఆ తువ్వాలేంది?"

"చెమటకు."

"చెమట నెత్తికొస్తది గని నడుముకొస్తదా? అటు తిరుగు."

తిరగక తప్పలేదు. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నాయనమ్మ నవ్వలేదు. సాసర్ కింద పెట్టింది.

"జారుడుబండ దిగినవ్."

"ఎక్కుతుంటె జారిన నాయినమ్మా."

"ఎక్కేటోడు జారితె మోకాలుకాడ చినుగుతది కొడుకా, కూసునేకాడ చినగది. చిన్నప్పుడు మేకల ఎంబడి ఆ బండ మీద ఎన్నిసార్లు పడ్డనో నాకెర్క. సరే, నేనంటె సదువు లేనిదాన్ని. నువ్వే అంటవు గద, దేనికైన రుజువు ఉండాలె అని. రుజువు సూపియ్యి."

తీర్మానం పంపిన ఫొటోలు చూపించాను. బీడులో వెనకనుంచి తీసినవి. గుట్ట నాకు ఎడమ పక్కన నిక్షేపంగా నిలబడి ఉంది. ఫోన్ ఒక్కోసారి కుడిని ఎడమ చేస్తుందని శాస్త్రీయంగా చెప్పబోయాను. నాయనమ్మ ఫొటోలో నా మణికట్టు మీద వేలు పెట్టింది.

"గడియారం ఏ చేతికి కట్టుకుంటవ్?"

"ఎడమ చేతికి."

"గుట్ట గడియారం దిక్కే ఉన్నది. సీదా తిరిగితె గుట్ట కుడి చెయ్యికి రావాలె."

మా మండలిలో పెద్దపెద్ద వక్తలున్నారు. ఇంత పొందికగా సాక్ష్యాలు పేర్చినవాళ్లను నేను చూడలేదు. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. చాలా మామూలుగా, "ఉల్టా తిరిగితె ముడి ఇప్పినట్టు. ఇప్పినదానికి ఒకటి, మొక్కుకు ఒకటి, ఇగ రెండు తిరగాలె" అంది. నాకు రోషం వచ్చింది.

"నేను నమ్మనే నమ్మ నాయినమ్మా! నమ్మనోనికి ముడి ఏసుడేంది, విప్పుడేంది?"

"నమ్మకుంటె మంచిగనే ఉండె. నమ్మనోనికి ఎడమైతేంది, కుడైతేంది? నలుగురు పోయే తొవ్వల ఊకె నడిసి రావొద్దా? కావాలని ఉల్టా తిరిగినవ్. నాకంటె ఎక్కువ పట్టింపు నీకే ఉన్నది బిడ్డా."

కండక్టరు అడిగితే పాసు దొరకనివాడిలా జేబులు తడుముకున్నాను. ఆమె సాసర్‌ను అమ్మ వైపు జరిపి, "చల్లారుతున్నది, నువ్వు తాగు కోడలా" అంది. అమ్మ తాగలేదు. ఆ చాయ్ అరుగు మీదే చల్లారి, మీగడ కట్టింది. మొత్తం జీవితంలో నేను ఓడిపోయిన చర్చలు కొన్ని ఉన్నాయి. వాటిలో వేటి తర్వాతా నాకు అన్నం సహించకపోవడం జరగలేదు, ఆ ఒక్కటి తప్ప.

సోమవారం క్యాంటీన్‌లో జరిగింది చెబితే, నాయనమ్మను మండలి అధ్యక్షురాలిని చేయాలని మిత్రుడు తీర్మానం ప్రవేశపెట్టాడు. మరుసటి ఆదివారం పిలవకుండానే వచ్చాడు. కమాను దగ్గర ఎడమకు మళ్లాం. ఈసారి ప్రసంగం లేదు. తామరకుంట దగ్గర తామరలు చూశాం. బండను కప్పల్లా పాకి ఎక్కాం. బీడులో పెద్దాయన, "ఇయ్యాల సీదా వస్తుండ్రే!" అని సంతోషించాడు. రెండు గంటల తర్వాత మేమే మళ్లీ ప్రత్యక్షమయ్యేసరికి ఆయన సంతోషం కంగారుగా మారింది.

"ఇంకొకటా? ఏం తప్పు జేసిండ్రు నాయినా?"

"మొన్నటిది లెక్కల నుంచి తీసేసిండ్రు తాతా" అన్నాను.

"ఓహో, కటింగ్ అయిందా!" అన్నాడు. (ఆయన కొడుకు కూడా ఏదో ఫ్యాక్టరీలోనే పనిచేస్తాడట.) జాలిపడి తన సీసాలో మజ్జిగ మా ఇద్దరికీ పోశాడు.

మధ్యాహ్నం ఇల్లు చేరాను. ఫోన్ తీసి చూపించబోతే నాయనమ్మ వద్దంది. నా మోకాళ్ల వైపే చూస్తోంది. రెండోసారి బండ ఎక్కుతూ జారిన చోట ప్యాంటు రెండు మోకాళ్ల దగ్గరా చినిగి, లోపల తోలు లేచి ఉంది.

"రుజువు వద్దా?"

"మోకాళ్లు చెప్తున్నయ్ గద" అంది. "కోడలా, చాయ్ పెట్టు. చక్కెర జెర ఎక్కువెయ్యి."

సాసర్‌లో వంపుకుంది. మూడుసార్లు ఊదింది. పద్నాలుగు నెలల చప్పుడంతా ఒక్కసారే చేస్తూ జుర్రింది. పక్కింటావిడ గోడ మీదుగా, "పెద్దమ్మా, మొక్కు తీరిందా?" అని అరిచింది. నాయనమ్మ అప్పటికే రెండో సాసర్ మీద ఉంది. అది కూడా అయ్యాక నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, మోకాళ్లకు పసుపు అద్దుతూ మెల్లగా అంది.

"మల్లన్న లేడంటవ్ గద. లేకుంటె లేకపాయె. నువ్వైతే తిరిగినవ్."

నాయనమ్మ పోయి ఆరేళ్లయింది. నేను ఇప్పటికీ పత్రికల్లో మల్లన్న లేడనే రాస్తున్నాను, అంతే కోపంగా రాస్తున్నాను, పాఠకుల ఉత్తరాల్లో తిట్లూ అలాగే తింటున్నాను. ఆ ఉద్యోగం నాకు ఏడాదిపాటు మెషిన్ ముందు నిలబడితే వచ్చింది, గుట్ట ఇస్తే రాలేదు. ఇందులో నాకు ఇసుమంత సందేహం లేదు. నడవమని డాక్టరు చెప్పాక మాత్రం ఆదివారాలు గుట్టకు పోతున్నాను. ఇప్పుడు కమాను పక్కన చాయ్ బండి కూడా వెలిసింది. అక్కడ కూర్చుని, నడిచి వచ్చేవాళ్ల ప్యాంట్లు చూస్తూ, ఎవరు ఎటునుంచి వచ్చారో కనిపెట్టడం నాకొక వ్యసనమైంది. నడుముకు చొక్కా చుట్టుకుని, గోడవారగా వచ్చేవాళ్లను చూస్తే ఆ రోజుల్లోని ఒక ఉపన్యాసకుడు గుర్తొచ్చి, నవ్వాపుకోలేక చాయ్ కొంచెం బట్టల మీద ఒలికించుకుంటాను.

మీరు ఎటు తిరుగుతారని మొన్న మండలిలో ఒక కుర్ర సభ్యుడు నన్ను నిలదీశాడు. ఎడమకేనని ఒప్పుకున్నాను. అయితే అందుకు కారణం కేవలం జారుడుబండ అనీ, ఏటవాలు, పాకుడు, ఘర్షణ వంటి భౌతిక విషయాలు తప్ప మరొకటి కాదనీ పావుగంట వివరించాను. అతను నమ్మాడు. నాయనమ్మ అయితే చివరిదాకా వినేది. విని, సాసర్ కింద పెట్టి, "అటు తిరుగు బిడ్డా" అనేది.